కోడ్ మార్చి బిల్డ్ చేసినా టెస్ట్‌లో పాత మెసేజే వస్తోంది (బిట్‌కాయిన్ కోర్)

కృష్ణలంక_కోడర్:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి ఒకటిన్నర. ఇంకా అక్కడే ఉన్నాను, ఎవరైనా దారి చూపించండి.

బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌ను నడిపే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్‌లో వాలెట్ ఆర్‌పీసీ (బయటి ప్రోగ్రాములు పిలిచే కమాండ్) ఒకటి అయోమయంగా ఉండే ఎర్రర్ మెసేజ్ ఇస్తోంది. వాలెట్ లాక్‌లో ఉందో, ఇచ్చిన పేరే తప్పో అది చదివితే తెలియదు. నాలుగు లైన్ల మార్పు. చేశాను. దానికి తగ్గట్టు పైథాన్ ఫంక్షనల్ టెస్ట్ కూడా మార్చాను. బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. యూనిట్ టెస్టులన్నీ పాస్. ఫంక్షనల్ టెస్ట్ రన్ చేస్తే మాత్రం పాత మెసేజే వచ్చి ఫెయిల్ అవుతోంది. ఆ ఫంక్షన్ మధ్యలో ఒక లాగ్ లైన్ పెట్టి చూశాను, అదీ ప్రింట్ కావడం లేదు. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి మొదటి నుంచి రెండుసార్లు బిల్డ్ చేశాను. నా లాప్‌టాప్‌లో ఒక్కోసారికి నలభై నిమిషాలు. ఇది నా మొదటి పుల్ రిక్వెస్ట్ (మార్పును ప్రాజెక్టులో కలపమని అడగడం). ఇంకేం చేయాలో తోచడం లేదు.

పాత_కంపైలర్:
ఏ పద్ధతిలో బిల్డ్ చేస్తున్నారో రాయలేదు. ఆటోజెన్, కాన్ఫిగర్ అంటూ పాత వీడియో చూసి చేస్తున్నారేమో. కోర్ 29.0 వెర్షన్ నుంచి ఆటోటూల్స్ అనే పాత బిల్డ్ పద్ధతిని పూర్తిగా తీసేశారు, ఇప్పుడంతా సీమేక్. సీమేక్ కనీసం 3.22 ఉండాలి. ఉబుంటు 20.04 వాళ్లకు దాంతో వచ్చే సీమేక్ 3.16 మాత్రమే. 29.0కు జీసీసీ కంపైలర్ కూడా కనీసం 11.1 ఉండాలి. అదీకాక పాత ఆటోటూల్స్ కాలం నాటి ఫైళ్లు సోర్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతే చాలా ఇబ్బంది పెడతాయి. బిల్డ్ ఫోల్డర్ తీసేస్తే అవి పోవు, గిట్ క్లీన్ చేయాలి. సీసీక్యాష్ (పాత కంపైల్ ఫలితాలను దాచి మళ్లీ వాడేది) వాడుతున్నారా? దాన్ని కూడా ఖాళీ చేసి చూడండి.

ఇంకో మాట. ర్యామ్ ఎంత? ఒక్కో కంపైల్ జాబ్ తేలిగ్గా ఒకటిన్నర జీబీ తింటుంది. ఎనిమిది జాబులు ఒకేసారి పెడితే కెర్నల్ కంపైలర్‌ని మధ్యలోనే చంపేస్తుంది. జాబులు తగ్గించండి.

కృష్ణలంక_కోడర్:
సీమేకే అండి, ఉబుంటు 24.04. ర్యామ్ 16 జీబీ. బిల్డ్ పూర్తిగా అవుతోంది, మధ్యలో ఆగడం లేదు. సీసీక్యాష్ ఖాళీ చేశాను, గిట్ క్లీన్ కూడా ఇప్పుడే చేశాను. మళ్లీ నలభై నిమిషాలు. మళ్లీ అదే మెసేజ్.

సబ్బవరం_నోడ్:
తమ్ముడూ, నువ్వు వాలెట్ కోడ్‌లో ఉన్నావు కాబట్టి తప్పు జరిగినా నష్టం కొంతవరకే. అయినా ఇక్కడ చదివే కొత్తవాళ్లందరికీ ఒక విషయం చెప్పాలి. "నాలుగు లైన్ల మార్పే కదా" అనే మాట ఈ సాఫ్ట్‌వేర్‌లో చాలా ప్రమాదం.

2018 సెప్టెంబర్‌లో బయటపడ్డ సీవీఈ-2018-17144 అనే భద్రతా లోపం గురించి చదవండి. ఒకే లావాదేవీలో ఒకే ఇన్‌పుట్‌ను రెండుసార్లు వాడారా లేదా అని చూసే తనిఖీ ఒకటి ఉండేది. బ్లాక్ తనిఖీలో అది రెండోసారి అనవసరం, తీసేస్తే వేగం పెరుగుతుంది అనుకుని దాన్ని దాటవేశారు. ఆ మార్పు 0.14.0తో జనంలోకి వెళ్లింది. అప్పుడు నోడ్ (ఈ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్) క్రాష్ కావడం ఒక్కటే భయం. 0.15.0 నుంచి చుట్టుపక్కల కోడ్ మారడంతో లేని నాణేలను పుట్టించడానికే దారి ఏర్పడింది. ఎవరూ దాన్ని వాడుకోకముందే కనిపెట్టి 0.16.3తో సరిచేశారు. రివ్యూ చేసినవాళ్లు సామాన్యులు కాదు. అంతమంది చూసినా ఏడాదిన్నర పాటు విడుదలైన వెర్షన్లలో అది కూర్చుని ఉంది.

2010 ఆగస్టులో 74638వ బ్లాకులో ఓవర్‌ఫ్లో వల్ల 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు పుట్టాయి. మొత్తం ఎప్పటికీ ఉండాల్సింది 2.1 కోట్లే! అందుకే నేను కొత్త ఫీచర్ రాసేవాళ్లకన్నా, కూర్చుని పాత కోడ్ చదివి రివ్యూ చేసేవాళ్లనే ఎక్కువ గౌరవిస్తాను. నా నోడ్ వాళ్ల మీద ఆధారపడి నడుస్తోంది.

టెస్ట్_ముందు:
డీబగ్ లాగ్‌లో మొదటి లైన్ పెట్టండి.

కృష్ణలంక_కోడర్:
ఏ డీబగ్ లాగ్ అండి? నా అసలు నోడ్‌దా?

టెస్ట్_ముందు:
కాదు. టెస్ట్‌ది. ఫెయిల్ అయినప్పుడు టెంప్ ఫోల్డర్ దారి స్క్రీన్ మీద చూపిస్తుంది. అందులో నోడ్0 ఫోల్డర్, దాని లోపల రెగ్‌టెస్ట్ ఫోల్డర్.

రివ్యూయర్_వరంగల్:
అది చూసేలోపు ఒకటి చెప్తా. పుల్ రిక్వెస్ట్‌కు ఏం పేరు పెడుతున్నవ్ తమ్మీ? బగ్ ఫిక్స్ అని మాత్రం పెట్టకు. ఎర్రర్ మెసేజ్ మారడం బగ్ ఫిక్స్ కాదు, అది బిహేవియర్ మార్పు.

పాత_కంపైలర్:
తప్పు మెసేజ్ ఇవ్వడం బగ్ కాకపోతే మరేమిటి? యూజర్‌ను తప్పుదోవ పట్టిస్తోంది కదా.

రివ్యూయర్_వరంగల్:
ఆ మెసేజ్‌లోని మాటలను పట్టుకుని నడిచే స్క్రిప్టులు బయట ఎన్ని ఉంటయో మనకు తెలుసా? ఎక్స్ఛేంజీల్లో, పేమెంట్ సర్వర్లలో ఉంటయి. ఎర్రర్ కోడ్ నంబర్ మారకపోతే కొంత నయం. నంబర్ కూడా మారితే రిలీజ్ నోట్ రాయక తప్పదు. నేను రెండుసార్లు రివ్యూలో ఇదే అడిగిన. చిన్న మార్పే అన్నరు, తర్వాత చూస్తే వేరే టెస్టులు మూడు ఆ మెసేజ్ మీదనే ఆధారపడి ఉన్నయి.

సబ్బవరం_నోడ్:
అది రీఫ్యాక్టర్ కిందకు రాదా?

రివ్యూయర్_వరంగల్:
అస్సలు రాదు. రీఫ్యాక్టర్ అంటే బయటికి ఏమీ మారకూడదు. మార్పు ఉన్నదాన్ని రీఫ్యాక్టర్ అని పేరు పెడితే రివ్యూ చేసేటోళ్లు తేలిగ్గా తీసుకుంటరు. పేరు దగ్గరే మోసపోతం. "వాలెట్" అనో "ఆర్‌పీసీ" అనో ముందు పెట్టి, ఏం మారిందో ఒక్క లైన్‌లో రాస్తే చాలు.

పాత_కంపైలర్:
పేరు ఏదైనా కానీ, మెయింటెయినర్ ఒప్పుకుంటే మెర్జ్ అవుతుంది, లేకపోతే లేదు.

రివ్యూయర్_వరంగల్:
మెయింటెయినర్ అంటే ఓనర్ కాదన్నా. వాళ్లు కొద్దిమందే ఉంటరు, మెర్జ్ చేసే తాళం వాళ్ల దగ్గర ఉంటది, అంతే. రివ్యూ చేసినోళ్లు ఏసీకే (చూసి ఒప్పుకున్నం) అని రాసిన్రా, ఏ కమిట్‌కు రాసిన్రు, ఎవరి అభ్యంతరమన్నా మిగిలిందా అని చూసి కలుపుతరు. ఏసీకే పక్కన కమిట్ హ్యాష్ (ఆ కోడ్ మార్పు గుర్తు) రాసేది అందుకే. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చి పుష్ చేసినా పాత ఏసీకే ఆ కొత్త కోడ్‌కు చెల్లదు.

కృష్ణలంక_కోడర్:
లాగ్ దొరికింది. మొదటి లైన్: బిట్‌కాయిన్ కోర్ వెర్షన్ వి29.0.0 (రిలీజ్ బిల్డ్).

టెస్ట్_ముందు:
అది మీరు బిల్డ్ చేసింది కాదు. మీదైతే 29.99 అని, పక్కన కమిట్ హ్యాష్‌తో ఉండాలి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో BITCOIND అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఏమైనా పెట్టారా? అది ఉంటే ఫంక్షనల్ టెస్ట్ బిల్డ్ ఫోల్డర్ వైపు చూడదు, అందులో రాసిన ఫైల్‌నే నడుపుతుంది.

కృష్ణలంక_కోడర్:
అయ్యో. ఉంది. 29.0 విడుదలైనప్పుడు డౌన్‌లోడ్ చేసిన బైనరీ మీదే ఫంక్షనల్ టెస్టులు నడిపి చూద్దామని, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో ఆ లైన్ పెట్టాను. తీయడం మర్చిపోయాను. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు, అందుకే పోస్టులో రాయలేదు.

పాత_కంపైలర్:
అయితే యూనిట్ టెస్టులు పాస్ కావడంలో వింత లేదు. వాటికి వేరే బైనరీ ఉంటుంది, అది బిల్డ్ ఫోల్డర్‌లోనిదే నడుస్తుంది. పైథాన్ టెస్టులే బయట నోడ్‌ను లేపి దానితో మాట్లాడతాయి. సీసీక్యాష్ అని నేను మీ నలభై నిమిషాలు తిన్నాను, ఏమీ అనుకోకండి.

టెస్ట్_ముందు:
ఇకమీదట బాష్‌ఆర్‌సీలో వద్దు. కావాల్సినప్పుడు ఆ ఒక్క కమాండ్ ముందు రాసుకోండి.

కృష్ణలంక_కోడర్:
లైన్ తీసేసి కొత్త టెర్మినల్ తెరిచాను. పాస్! నేను పెట్టిన లాగ్ లైన్ కూడా కనిపించింది. వరంగల్ అన్న చెప్పినట్టు మిగతా వాలెట్ టెస్టులు కూడా నడిపాను, ఒకటి పాత మెసేజ్ కోసం చూస్తూ ఫెయిల్ అయింది. అది రేపు మారుస్తాను. ఎర్రర్ కోడ్ నంబర్ మార్చలేదు. అందరికీ థాంక్స్, పడుకుంటున్నాను.

రివ్యూయర్_వరంగల్:
ఆ టెస్ట్ మార్పు వేరే కమిట్‌గా పెట్టకు, కోడ్ మార్పుతోనే కలుపు. ప్రతి కమిట్ దానికదే టెస్టులు పాస్ కావాలె. లింక్ పెట్టు, చూస్త.

సబ్బవరం_నోడ్:
2013 మార్చిలో 0.7, 0.8 వెర్షన్ల మధ్య గొలుసు రెండుగా చీలిన సంగతి కూడా రాద్దామనుకున్నాను. బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్‌లోని లాక్‌ల పరిమితి వల్ల పాత నోడ్లు ఒక పెద్ద బ్లాకును తీసుకోలేకపోయాయి. ఎవరూ కావాలని పెట్టిన నియమం కాదది. డేటాబేస్ మార్చడం కూడా మెయింటెనెన్స్ పనే అనుకున్నారు అప్పట్లో. వీలు చూసుకుని విడిగా రాస్తాను.

మియాపూర్_మ్యాక్:
నాకూ ఇదే సమస్య, మ్యాక్‌లో. ఆ వేరియబుల్ అయితే లేదు. లాగ్‌లో వెర్షన్ కూడా నాదే చూపిస్తోంది, కానీ మార్పు రావడం లేదు. ఏం చూడాలి?