పలచటి రెడ్ వైన్ గొప్పదా, ద్రాక్ష పండలేదా?

సాగర్‌నగర్_శీను:
మొన్న మా బావ ఫ్రాన్స్ నుంచి వస్తూ అక్కడి బుర్గుండీ ప్రాంతపు పినో న్వార్ (ఆ పేరున్న ద్రాక్షతో చేసే రెడ్ వైన్) తెచ్చాడు. పోస్తే గ్లాసు అవతల వేళ్లు కనబడుతున్నాయి. తాగితే పులుపు. దీనికంటే మన నాసిక్ షిరాజ్ వెయ్యి రెట్లు నయం. చలి దేశాల్లో ద్రాక్ష పండదు, ఆ లోటునే గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. కాదనేవాళ్లు చెప్పండి.

కొమ్మాది_మాస్టారు:
కాదనే అంటాను. పండకపోవడం వేరు, నిదానంగా పండడం వేరు. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం వేడికి త్వరగా తగ్గిపోతుంది, రాత్రిళ్లు చల్లగా ఉంటే నిలుస్తుంది. నీ పులుపు అదే. పులిసి ఆల్కహాల్ అయ్యే చక్కెర కూడా మెల్లగా చేరుతుంది కాబట్టి ఆల్కహాల్ 13 శాతం దగ్గర ఆగుతుంది. ఎండ ప్రాంతాల్లో 14.5 మామూలే.

రంగుకి మాత్రం చలిని తిట్టకు. రంగొచ్చేది తొక్క నుంచి, పినో న్వార్ తొక్కే పలచన. ఫ్రాన్స్‌లోనే ఉత్తర రోన్ లోయలో సిరా చూడు, నీ షిరాజ్ అదే ద్రాక్ష. నాసిక్‌తో పోలిస్తే చల్లటి చోటే, అయినా రంగు చిక్కన, పైగా మిరియాల ఘాటు. ఆ ఘాటు రోటండోన్ అనే వాసన పదార్థం వల్ల వస్తుందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. మిరియాల్లో ఉండేదీ అదే. చల్లటి తోటల్లో అది ఎక్కువ. మరి ఇది లోటా?

ఎంవీపీ_రాత్రిపక్షి:
శీను మాటలోనూ కొంత ఉంది మాస్టారూ. బుర్గుండీలో ఎండ చాలని ఏడాది రసంలో పంచదార కలిపి పులియబెట్టడానికి చట్టమే ఒప్పుకుంటుంది. కాబెర్నే అనే ఇంకో నల్లద్రాక్ష సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికమ్ వాసన. ఎవరెంత పొగిడినా అది నేను తాగను.

కొమ్మాది_మాస్టారు:
నిజమే, కానీ వేడి పెరిగి ఆ రోజులు పోతున్నాయి. బుర్గుండీలోని బోన్ పట్టణంలో కోత తేదీలు 1354 నుంచి దొరుకుతున్నాయి. 1988 తర్వాత కోత, పాత శతాబ్దాల సగటు కంటే 13 రోజులు ముందుకొచ్చింది. శీనూ, సీసా ఫ్రిజ్‌లో పెట్టావా?

సాగర్‌నగర్_శీను:
లేదండి. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారుగా!

కొమ్మాది_మాస్టారు:
అది ఐరోపా చలి ఇళ్లకి. మన ఉక్కపోతలో, 32 డిగ్రీల్లో, ముక్కుకి ముందు స్పిరిటే తగులుతుంది. 15కి తెచ్చి తాగు.

అరకు_కాఫీ:
అరకులో వేస్తే? ఎత్తుంది, చలీ ఉంది.

ఎంవీపీ_రాత్రిపక్షి:
చలి ఒక్కటే చాలదు గురూ, వానకి కాయ కుళ్లిపోతుంది. నాసిక్‌లో వానలు వెనకబట్టాక కొమ్మలు కత్తిరించి, ఎండలు ముదరకముందే కోసేస్తారు. మనకి అక్టోబరులోనూ తుపాన్లే.

సాగర్‌నగర్_శీను:
ఇంకో సీసా ఉంది. ఈసారి చల్లబరిచి వంజరం వేపుడుతో చూస్తా. ధర మాత్రం దండగే.

ఎంవీపీ_రాత్రిపక్షి:
వంజరానికి ఇదే నయం. వగరు ఎక్కువున్న షిరాజ్ చేపతో తాగితే నోరంతా ఇనుప రుచి.