శిఖండి వచ్చాడా, వచ్చిందా?

శిఖండికి ఏ క్రియ వాడాలన్న ప్రశ్న వ్యాకరణంతో మాత్రమే తేలేది కాదు; కథను ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నామన్నదీ చూసుకోవాలి. అంబ మరుజన్మలో ద్రుపదునికి కూతురై పుట్టి, కొడుకుగా పెరిగి, స్థూణాకర్ణుడనే యక్షుని పురుషత్వాన్ని తన స్త్రీత్వానికి మారుగా పొందిన తరువాత, కురుక్షేత్రంలో రథమెక్కినవాడు పురుషుడే. ఆ వ్యక్తి పూర్వం స్త్రీ అని పట్టుబట్టి బాణం వేయనన్నది భీష్ముడు. కాబట్టి యుద్ధ ఘట్టంలో ‘శిఖండి వచ్చింది’ అని రాస్తే మనమూ భీష్ముని మాటనే ఖాయం చేసినట్లవుతుంది. నేనైతే ‘వచ్చాడు’ అనే రాస్తాను.

నిజానికి ఈ చిక్కు ఎక్కువగా నేటి వచనానిది. గ్రాంథికంలో ‘వచ్చెను’ అన్న రూపం ఏకవచనంలో మహత్తు, మహతి, అమహత్తులు మూడింటికీ ఒక్కటే: అతడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను. ‘వచ్చును’ కూడా అంతే. విరాటపర్వంలో తిక్కన ‘వీఁడె వచ్చెం గుంతీసుత మధ్యముండు’ అన్నచోట పురుషుడని చెబుతున్నవి ‘వీఁడె’, ‘మధ్యముండు’ అన్న పదాలే గాని క్రియ కాదు. ఆ ‘వచ్చెన్’ అర్జునునికి ఎంత సరిపోతుందో, అంతవరకు విరటుని కొలువులో నాట్యం నేర్పిన బృహన్నలకూ అంతే సరిపోతుంది.

ఇల కథలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మనువు సంతానమైన సుద్యుమ్నుడు శివుని వనంలో అడుగుపెట్టి ఇల అనే స్త్రీగా మారి, బుధుని వల్ల పురూరవుని కని, ఆపై శివుని అనుగ్రహంతో ఒక నెల స్త్రీగా, ఒక నెల పురుషునిగా జీవించినట్లు భాగవతం చెబుతుంది. ‘ఒక నెల స్త్రీయై, ఒక నెల పురుషుడై యుండెను’ అంటే ఒక్క క్రియతో వాక్యం నిండుతుంది. ‘ఉన్నాడు’ అన్నా, ‘ఉంది’ అన్నా ఏడాదిలో సగం జారిపోతుంది. నేటి భాషలో రాసేవారికి ‘ఉండేవారు’ అన్న గౌరవ బహువచనం ఉండనే ఉంది; ఇలకు అది అన్ని విధాలా తగినది.

మోహిని అమృతం ‘పంచింది’ అని రాయడానికి ఎవరూ సందేహించరు, ఆమె విష్ణువే కనుక ‘పంచాడు’ అనాలని ఎవరూ దిద్దరు. ధరించిన రూపాన్ని మన్నించే ఆ మర్యాద మోహినికి అడగకుండానే దక్కుతుండగా, శిఖండి పేరును మాత్రం తిట్టుగా వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.