మెషీన్ల మీద ఉన్న సరుకుకు ఫీఫోనా, వెయిటెడ్ యావరేజా?

ఆదోని_లెక్కలు:
ఆదోని దగ్గర ఒక నూలు మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పత్తి శుభ్రం చేసే బ్లో రూంలో పడిన దగ్గర్నుంచి కోన్ మీద నూలుగా దిగేదాకా నెలాఖరులో ఎప్పుడూ కొంత సరుకు మెషీన్ల మీదే ఉంటుంది. ఇన్నాళ్లూ వెయిటెడ్ యావరేజ్‌లోనే కిలో ఖర్చు తీస్తున్నాం, అంటే పోయిన నెల నుంచి మెషీన్ల మీద మిగిలిన సరుకు ఖర్చునూ ఈ నెల ఖర్చునూ కలిపి భాగిస్తాం. కొత్తగా వచ్చిన మేనేజర్ ఫీఫోకి, అంటే ముందొచ్చింది ముందు పోయిందనుకుని రెండు నెలల ఖర్చూ విడిగా చూసే పద్ధతికి, మారాలంటాడు, పోయిన నెల ఖర్చూ ఈ నెల ఖర్చూ కలిపేస్తే ఎక్కడ దుబారా అయిందో తెలీదని ఆయన వాదన. మా సీనియరేమో అంతా ఒకటే కౌంట్ (మందం) నూలు, విడదీసి ఏం చేస్తావ్ అంటాడు. మధ్యలో నాకు టెన్షన్. మీరేమంటారు?

ఎర్రగుంట్ల_క్లింకర్:
యావరేజే. మాది సిమెంటు. సైలో (నిల్వ గోపురం) కింద నుంచి క్లింకర్ (సిమెంటుగా నూరే ముందటి గడ్డలు) లాగితే చాలాసార్లు నడిమధ్యలో, పైన కొత్తగా పడిందే ముందు జారుతుంది, గోడల పక్కన ఉన్న పాతది అట్లే ఉండిపోతుంది. ముందొచ్చింది ముందే పోయిందని కాగితం మీద రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అనంతపురం_సీఎంఏ:
అన్నా, సరుకు ఏ వరసలో కదిలిందో లెక్కకు అక్కర్లేదు, ఖర్చు ఏ వరసలో కదిలిందనుకుంటున్నామన్నదే ఫీఫో. ఒక చిన్న లెక్క చూడండి, వ్యర్థం లేదనుకుందాం, పత్తి ఖర్చు పక్కన పెట్టి కూలీ, కరెంటు లాంటివే తీసుకుందాం. నెల మొదట్లో 2,000 కిలోలు 60 శాతం పూర్తయి ఉన్నాయి, కొత్తగా 10,000 కిలోలు వేశారు, 10,500 పూర్తయ్యాయి, మిగిలిన 1,500 కిలోలు 40 శాతం దగ్గర ఉన్నాయి. యావరేజ్‌లో ఈక్వివలెంట్ యూనిట్లు, అంటే సగంలో ఉన్న సరుకును కూడా పూర్తయిన కిలోల్లోకి మార్చిన లెక్క, 10,500కు 600 కలిపి 11,100. ఫీఫోలో అందులోంచి పోయిన నెలలోనే అయిపోయిన పని 1,200 తీసేస్తే 9,900. పోయిన నెల కిలోకు 50 రూపాయలు పడింది, అంటే పాత ఖర్చు 60,000. ఈ నెల ఖర్చు 5,94,000. ఫీఫోలో కిలోకు సరిగ్గా 60, యావరేజ్‌లో 58.92. ఖర్చు 10 రూపాయలు పెరిగితే యావరేజ్ అందులో రూపాయికి పైగా మింగేసింది.

బుడ్డల_మిల్లు:
చెల్లీ, నీ లెక్క ప్రకారమే మిగిలిన సరుకు విలువ ఫీఫోలో 36,000, యావరేజ్‌లో 35,351. తేడా 649 రూపాయలు. దీనికోసం పద్ధతి మార్చి, ఆడిటర్‌కు సంజాయిషీ రాసి, సాఫ్ట్‌వేర్ వాడికి ఇంకో బిల్లు కట్టాలా? నేను నూనె తీసేవాణ్ణి, నా లాభం పోయేది బుడ్డలు (వేరుశనగ) ఏ రోజు ఎంతకు కొన్నానన్న దగ్గర, అది మెషీన్ మీది సరుకు లెక్కలో దొరకదు.

అనంతపురం_సీఎంఏ:
మెషీన్ మీద 2,000 కాకుండా 6,000 కిలోలు నిలిచిపోయిన నెల ఉంటే? పాత ఖర్చు 1,80,000 అవుతుంది, ఈ నెల పని అంతే అనుకుంటే యావరేజ్ 57.33కి దిగుతుంది. అసలు ఖర్చు 60. మేనేజర్ అడిగేది ఆ 2.67 ఎక్కడ దాక్కుందనే కదా.

కర్నూలు_రిటైర్డ్:
ముప్పై ఏళ్లు ఈ లెక్కలే వేశాను. సరుకు నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది, లిఫోను, అంటే చివరొచ్చింది ముందు పోయిందనుకునే పద్ధతిని, మాత్రం ఒప్పుకోదు. కాబట్టి చట్టం సంగతి వదిలేయండి. నా మాట ఏమిటంటే పుస్తకాలు యావరేజ్‌లోనే ఉంచు నాయనా. మేనేజర్‌కు నెలనెలా ఇచ్చే రిపోర్టులో మాత్రం ఈ నెల ఖర్చును ఈ నెల పనితో భాగించి ఇంకో గడి పెట్టు, ఒక్క తీసివేత అంతే. స్టాండర్డ్ ఖర్చుతో, అంటే ముందే అనుకున్న ఖర్చుతో, పోల్చాలన్నా ఆ అంకెతోనే పోల్చాలి, రెండు నెలలు కలిపిన అంకెతో పోలిస్తే కుదరదు.

కానీ అమ్మాయి లెక్కలో ఎవరూ అడగని అంకె ఒకటుంది, ఆ 60 శాతం. అది ఎవరు చెప్పారు? మొదట్లో కార్డింగ్ దగ్గరున్న పత్తికీ చివర్లో రింగ్ ఫ్రేమ్ మీదున్న నూలుకూ ఒకటే శాతం వేస్తే ఫీఫో అయినా యావరేజ్ అయినా తప్పే. పైగా ఆదోని ఎండల్లో పత్తి తేమ ఆరి బరువు తగ్గుతుంది, కంటికి కనిపించని ఆ తరుగులో మామూలుగా పోయేదాన్ని మంచి సరుకు మీద వేసుకోవాలి, మామూలుకు మించి పోయింది నేరుగా నష్టంలో చూపాలి. ఇది చూడకుండా పద్ధతి గురించి కొట్టుకోవడం దండగ.

ఎర్రగుంట్ల_క్లింకర్:
సార్ చెప్పింది ఒప్పుకుంటా. మాకైతే క్లింకర్ విడిగా ఒక ప్రాసెస్, దాని ఖర్చు అక్కడికక్కడే తేలిపోతుంది కాబట్టి ఈ శాతాల గొడవ తక్కువ. సైలో మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆదోని_లెక్కలు:
ఇవాళ షిఫ్ట్ మారేటప్పుడు ప్రొడక్షన్ వాళ్లను అడిగాను. మా దగ్గర మెషీన్ల మీది సరుకంతటికీ, రింగ్ ఫ్రేమ్‌కు ముందొచ్చే సింప్లెక్స్ అయినా రింగ్ ఫ్రేమ్ అయినా, ఒకటే 50 శాతం. ఎవరు పెట్టారంటే ఇప్పటి ఇన్‌చార్జికి తెలీదు, ఆయనకు ముందున్నాయనకు ఫోన్ చేస్తే నేనొచ్చేటప్పటికే 50 ఉంది అన్నాడు. రేపు మేనేజర్‌తో ఫీఫో మాట ఎత్తకుండా ముందు ఇది చెప్తాను.