మశూచితో చివరిగా చనిపోయింది ఎవరు? 1975, 1977, 1978లలో ఏది రాయాలి?

పాతకాగితం:
మశూచి (స్ఫోటకం, పెద్దమ్మవారు) మీద తెలుగు వ్యాసం ఒకటి సరిదిద్దే పని నడుస్తోంది. "ప్రపంచంలో చివరి మరణం" అన్నచోట ఒక ప్రతిలో 1975 బంగ్లాదేశ్ రహీమా బాను అని ఉంది. ఇంకోదాంట్లో 1977 సోమాలియా అలీ మావ్ మాలిన్, మరోదాంట్లో 1978 ఇంగ్లండ్ జానెట్ పార్కర్. వీటిలో ఏది ఉంచాలి? మన దేశానికి ఏ తేదీ వేయాలి? కేసులు రావడం ఆగింది సరే, ఏ మారుమూలో మిగిలి లేదని ఎలా తేల్చారో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లసిరా:
ముందు మొదటి రెండు పేర్లూ ఆ వరుసలోంచి తీసేయండి. ఇద్దరూ బతికారు. చివరి కేసు వేరు, చివరి మరణం వేరు. అక్కడే అందరూ తడబడుతున్నారు.

రహీమా బాను భోలా ద్వీపంలోని కురాలియా గ్రామపు పసిపాప. 1975 అక్టోబర్ 16న పొక్కులు లేచాయి. మశూచిలో రెండు రకాలు: వేరియోలా మేజర్ సోకితే టీకా లేనివాళ్లలో నూటికి 30 మంది దాకా పోయేవారు, మైనర్ అయితే ఒకరు. సహజంగా సోకిన మేజర్‌లో చివరి కేసు ఈ పాపది.

మాలిన్ మెర్కా పట్టణంలో ఆసుపత్రి వంటమనిషి. 1977 అక్టోబర్ 12న ఇద్దరు మశూచి పిల్లలను తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి ఎక్కి, కొద్ది నిమిషాలు కూర్చున్నాడు. టీకా వేయించుకోలేదు. 26న దద్దు తేలింది. మొదట మలేరియా అనుకున్నారు, తర్వాత ఆటలమ్మ అన్నారు. అసలు జబ్బేదో తేలాక రెండు వారాల్లో అక్కడ 54 వేల మందికి పైగా టీకాలు వేశారు. సహజంగా సోకిన మశూచిలో ఇది చివరి కేసు. కోలుకున్న మాలిన్ తర్వాత పోలియో చుక్కల ప్రచారంలో పనిచేసి, 2013లో మలేరియాతో పోయాడు.

ఆ బండిలోని ఇద్దరు పిల్లల్లో ఆరేళ్ల పాప రెండు రోజులకే చనిపోయింది. సహజంగా సోకిన మశూచి తీసిన చివరి ప్రాణం ఆ పాపదే. మాలిన్ ఫొటో ప్రతి వ్యాసంలో ఉంటుంది, ఆ పాప ప్రస్తావన మాత్రం చాలాచోట్ల ఉండదు. మీ వ్యాసంలో దయచేసి ఒక్క వాక్యమైనా ఇవ్వండి.

ఇక మొత్తంమీద చివరి మరణం జానెట్ పార్కర్‌ది, 1978 సెప్టెంబర్ 11. చివరి కేసు కూడా ఆమెదే. కాకపోతే అది ప్రయోగశాల నుంచి బయటపడిన వైరస్.

భారత్‌కు "చివరి మరణం" అని రాయకండి, "చివరి కేసు" అనండి: 1975 మే 24, అస్సాంలోని కరీంగంజ్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మహిళ. ఇక్కడే పుట్టిన చివరి కేసు దానికి వారం ముందు, మే 17న బీహార్‌లో.

మూడోఅంతస్తు:
నల్లసిరా గారూ, ఒక చిన్న సవరణ. పార్కర్ ఉన్న ఇంగ్లండ్ నగరం బర్మింగ్‌హామ్‌లో చివరి కేసు ఆమెది కాదు, ఆమె తల్లిది. తల్లికి వెంటనే టీకా వేయడంతో జబ్బు తేలిగ్గా వచ్చి తగ్గిపోయింది. వైరస్ సోకిన నాలుగు రోజుల్లోపు టీకా పడితే జబ్బు రాకుండా ఆపవచ్చు, ఆలస్యమైనా తీవ్రత తగ్గవచ్చు.

పార్కర్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగంలో ఫొటోగ్రాఫర్. ఆమె గదికి కింది అంతస్తులో మశూచి ల్యాబ్ ఉండేది. ఆగస్టు 11న ఒంట్లో బాగోలేకపోయినా ఆసుపత్రిలో చేర్చింది 24న. అంతవరకూ మశూచి అన్న అనుమానమే రాలేదు. అదే అసలు ప్రమాదం: జబ్బు పోయిందని అందరూ నమ్మిన దేశంలో డాక్టర్ల మనసులోకి ఆ పేరే రాదు. ఆమె చివరి టీకా 1966 నాటిది. పన్నెండేళ్లకు దాని బలం చాలావరకు తగ్గిపోతుంది.

వైరస్ పైకి ఎలా చేరిందన్న దానిపై విచారణ నివేదిక మూడు దారులు చెప్పింది: పైపులు వెళ్లే సందులోంచి గాలితో, మనుషుల రాకపోకలతో, లేదా వైరస్ అంటిన సామాను ద్వారా. మొదటిదే ఎక్కువ ప్రచారమైంది. కానీ 1979లో విశ్వవిద్యాలయంపై వేసిన కేసు కోర్టులో నిలవలేదు. కాబట్టి "గాలి గొట్టం ద్వారా సోకింది" అని తేల్చి రాయకండి. ల్యాబ్‌లో లోపాలు మాత్రం ఖాయం. వైరస్ బయటపడకుండా వాడే భద్రతా క్యాబినెట్ (మూసి ఉండే పెట్టె) బయట కూడా వైరస్‌తో పని జరిగింది. లోపలికి వెళ్లేముందు బట్టలు మార్చుకునే గది లేదు. ఆ ఏడాది చివరికి ల్యాబ్ మూసేయాల్సి ఉండటంతో పనులు హడావిడిగా సాగాయి.

పాతకాగితం:
ఇద్దరికీ ధన్యవాదాలు, రెండూ సరిచేస్తాను. మిగిలి లేదని తేల్చిన విధానం సంగతి?

టీకాసూది:
ఆఖరి కేసు తర్వాత రెండేళ్లు గట్టిగా వెతికినా ఒక్కటీ దొరక్కపోతేనే ఆ దేశానికి ధ్రువీకరణ. భారత్‌కు 1975 మే తర్వాత దాదాపు రెండేళ్లకు, 1977 ఏప్రిల్‌లో వచ్చింది అందుకే. ప్రపంచానికి 1980 మే 8న ప్రకటించారు.

వెతకడమంటే ఇంటింటికీ వెళ్లి మశూచి సోకిన పిల్లాడి ఫొటో కార్డు చూపించి "ఇలాంటిది చూశారా?" అని అడగడం. సంతలు, బడులు కూడా వదల్లేదు. ఆటలమ్మతో మనిషి చనిపోయాడంటే వెళ్లి ఆరా తీసేవారు, పెచ్చులు తీసి ల్యాబ్‌కు పంపేవారు. చిన్నపిల్లల ముఖాల మీద గుంటలు లెక్కపెట్టేవారు. ఆ వయసు పిల్లల్లో ఒక్క ముఖంపైనా కొత్త మచ్చ లేదంటే ఆ ఊళ్లో అన్నేళ్లుగా జబ్బు తిరగలేదన్నట్టు. కేసు చెప్పినవారికి బహుమతి మన దేశంలో చివరికి 1,000 రూపాయలకు చేరింది, అప్పట్లో పెద్ద మొత్తమే.

ఆటలమ్మకూ దీనికీ తేడా కూడా వ్యాసంలో పెట్టండి. మశూచి పొక్కులు ముఖం, కాళ్లు చేతుల మీద ఎక్కువ, అరచేతుల్లో అరికాళ్లలో కూడా వస్తాయి, ఒకచోటివన్నీ ఒకే దశలో గట్టిగా లోతుగా ఉంటాయి. ఆటలమ్మవి ఛాతీ, వీపు మీద ఎక్కువ, పైపైన, దఫదఫాలుగా లేస్తాయి.

కేసు దొరికితే ఇంటికి రాత్రింబవళ్లు కాపలా, చుట్టూ అందరికీ టీకాలు. పని తేలికచేసింది రెండు కొనల సూది. కొనల మధ్య నిలిచే బొట్టు 0.0025 మిల్లీలీటర్లు, అంటే పాత పద్ధతిలో ఒకరికి పట్టే మందు నలుగురికి సరిపోయేది. చర్మానికి సూది నిలువుగా పట్టి, ఒకేచోట 15 పోట్లు చకచకా పొడవాలి. పావు నిమిషంలో సన్నగా రక్తం ఊరాలి. ఊరలేదంటే పోటు మెత్తగా పడినట్టే. ముందు స్పిరిట్‌తో తుడిస్తే టీకాలోని వైరస్ చచ్చి మందు వృథా. మురికిగా ఉంటే నీళ్లతో కడిగితే చాలు. పొడి మందు 37 డిగ్రీల వేడిలో నెల రోజులు ఆగేది, ద్రవంలో కలిపాక మాత్రం ఆ రోజే వాడేయాలి. వారానికి పొక్కు రాకపోతే మళ్లీ పొడవాల్సిందే. మన దేశంలో ఆ పొడి మందు తయారుచేసిన నాలుగు కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. తెలుగు వ్యాసం కాబట్టి అది తప్పక చేర్చండి.

భుజం మీది మచ్చ చూసి "మశూచి టీకా" అనుకునేవాళ్లకూ ఒక వాక్యం రాయండి. 1980 తర్వాత ఇక్కడ పుట్టినవాళ్ల ఎడమ భుజం మీద ఉండేది దాదాపుగా బీసీజీ (క్షయ టీకా) మచ్చే.