ఊరూరా తిరిగే అమరావతి ప్రదర్శన కట్టాలి: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కావేరిగట్టు

అందరికీ నమస్కారం. జయనగర్‌లో మాకో చిన్న డిజైన్ స్టూడియో ఉంది. అమరావతి స్తూపం మీద ఊరూరా తిరిగే ప్రదర్శన ఒకటి తయారుచేసే పని వచ్చింది. మొదట బెంగళూరు, ఆ తర్వాత అనంతపురం, కర్నూలు, విజయవాడ. అసలు శిల్పాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్‌లో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. అవి కదిలే ప్రశ్నే లేదు. అందుకే లోపలికి అడుగుపెట్టిన మనిషికి స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టే ఉండాలని పని ఇచ్చినవాళ్ల కోరిక. నాలుగు గోడలూ, నేలా అన్నీ ప్రొజెక్షన్‌తో నింపేయమంటున్నారు.

నాకు టెన్షన్ అక్కడే. కొటేషన్లు తెప్పిస్తే ప్రొజెక్టర్ల అద్దెకే సగం బడ్జెట్ పోయేలా ఉంది. పైగా ఒక్కో ఊళ్లో హాలు ఒక్కో కొలత. దేన్ని కట్టాలి, దేన్ని తెర మీద చూపాలి, దేన్ని పెట్టెలో పెట్టి మోయాలి? మ్యూజియం పనులు గానీ, ఎగ్జిబిషన్ స్టాళ్లు గానీ, సైన్సు బస్సులు గానీ చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మన పిల్లలు ఈ శిల్పాలను పాఠ్యపుస్తకంలో చిన్న ఫొటోగా చూసి పేజీ తిప్పేస్తున్నారు. వాళ్లు కాసేపు ఆగి చూసేలా చేయాలని ఉంది.

పీణ్యా_షెడ్డు

కావేరిగట్టు గారూ, ముందు లారీ తలుపు కొలత తీసుకోండి. డిజైన్ ఆ తర్వాత.

20 అడుగుల కంటైనర్ లోపలి ఎత్తు 2.39 మీటర్లు. తలుపు దగ్గర ఎత్తు 2.28 మాత్రమే. ఆ తేడా చూసుకోకుండా 2.3 మీటర్ల పెట్టెలు చేయించి, లోడింగ్ రాత్రి రంపం పట్టుకుని కూర్చున్న పార్టీని చూశాను. లారీ తలుపు దాటాక హాలు తలుపు, దాని తర్వాత మెట్లు, మెట్ల మలుపు. నాలుగు ఊళ్లకూ టేపు పట్టుకుని మనిషి వెళ్లాలి. ఫోన్లో అడిగితే హాలువాళ్లు "పెద్ద తలుపేనండీ" అంటారు తప్ప కొలత చెప్పరు.

ఒక ముక్కను ఇద్దరు మోయగలగాలి. మా షెడ్డులో ఇదే లెక్క. 18 ఎంఎం ప్లై 8×4 షీటు ఒక్కటే 35 కిలోల దగ్గర తూగుతుంది. దానికి ఫ్రేమూ లామినేటూ పడితే నలుగురు కావాలి, ఆ నలుగురూ రాత్రి పూట దొరకరు. అల్యూమినియం ప్రొఫైల్ ఫ్రేములు చేయించి, అంచుకు రబ్బరు పట్టీ కుట్టిన ప్రింటు గుడ్డను గాడిలోకి నొక్కే పద్ధతి తీసుకోండి. గుడ్డ చుట్టి గొట్టంలో పెట్టేయొచ్చు. ఒకటి పాడైతే ఆ ఒక్కటే మళ్లీ ప్రింటు వేయించుకుంటారు.

చెక్క ఉన్నచోట స్క్రూలు వద్దు. నాలుగైదుసార్లు తీసి బిగిస్తే రంధ్రం వదులై పట్టు పోతుంది. చెక్కలో టీ-నట్ (మరలున్న లోహపు గుబ్బ) దిగేసి బోల్టు బిగించండి. మొత్తం ప్రదర్శనకంతా ఒకే సైజు బోల్టు, ఒకే అలెన్ కీ. ఆ కీలు డజను కొని ప్రతి పెట్టెలో ఒకటి పడేయండి. ముక్కల వెనక నంబర్లు స్టెన్సిల్‌తో రాయించండి, స్టిక్కర్లు రెండో ఊరికల్లా ఊడిపోతాయి.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. శిల్పాలు థర్మోకోల్‌తో చెక్కిస్తామని ఎవరైనా వస్తే పంపించేయండి. చౌకే, తేలికే, కానీ నిప్పంటుకుంటే కరిగి మండే చుక్కలు పడతాయి, నల్లటి పొగ గది నిండా కమ్ముతుంది. మీది చీకటి గది, గుడ్డ గోడలు, లోపల పిల్లలు. గుడ్డకీ రెజిన్‌కీ మంట వ్యాపించదన్న టెస్టు సర్టిఫికెట్ చూడకుండా మేం ఆర్డర్ తీసుకోం.

వెలుగుపెట్టె

ప్రొజెక్షన్ పనే నాది, అందుకని లెక్క చెబుతాను. 12,000 లూమెన్ల వెలుగిచ్చే ప్రొజెక్టర్‌తో 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గోడ నింపితే 24 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 500 లూమెన్లు, దాన్నే 500 లక్స్ అంటారు. బాగుంటుంది. అదే బొమ్మను రెట్టింపు వెడల్పు చేస్తే ఎత్తూ రెట్టింపవుతుంది, వెలుగు నాలుగో వంతుకు, 125కు పడిపోతుంది. పైన వెంటిలేటర్లున్న కల్యాణమండపంలో పగటి వెలుగే అంతకు మించి ఉంటుంది. బొమ్మ వెలిసిపోయిన చీరలా కనబడుతుంది. మీ మొదటి ఖర్చు నల్లగుడ్డ మీద, ఆ తర్వాతే ప్రొజెక్టర్ మీద.

రెండు ప్రొజెక్టర్ల బొమ్మను కలిపి ఒకటిగా చూపాలంటే అంచులు 15 శాతం దాకా ఒకదాని మీద ఒకటి పడాలి. 1920 పిక్సెళ్లవి రెండు పెడితే 3840 రాదు, 3552 దగ్గర వస్తుంది. ఇది తట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది ప్రతి ఊళ్లో మళ్లీ మొదటినుంచీ అంచులు కలుపుకోవడం. హాలు గోడ ఎక్కడా నిటారుగా ఉండదు, ఫ్యాన్లు అడ్డం, స్తంభాలు అడ్డం. అందుకే హాలు గోడను నమ్ముకోకండి. ప్రొజెక్టరూ తెరా రెండూ ఒకే ట్రస్ ఫ్రేముకు (లోహపు గొట్టాల చట్రానికి) బిగించండి. ప్రొజెక్టర్ కూర్చునే పళ్లానికి పిన్నులు పెట్టిస్తే ఎక్కడ విప్పినా అదే చోటికొస్తుంది. అప్పుడు కొత్త ఊళ్లో సవరించుకోవాల్సింది కొంచెమే.

వేడి మాట. చాలా ప్రొజెక్టర్లకు 40 డిగ్రీలు దాటితే కంపెనీ హామీ ఉండదు. విజయవాడ ఎండాకాలం సంగతి నేను చెప్పనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ముగించుకునేలా తేదీలు అడగండి. ప్రొజెక్టర్లకు బొమ్మ పంపే కంప్యూటర్‌కు, అంటే మీడియా సర్వర్‌కు, యూపీఎస్ తప్పనిసరి. ఎర్తింగు ప్రతి ఊళ్లో మీటరు పెట్టి చూడాలి, హాలు ఎలక్ట్రీషియన్ మాట మీద వదిలేయకూడదు.

కావేరిగట్టు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. 8×4 షీటు బరువు నేనిలా ఎప్పుడూ ఆలోచించలేదు. వెలుగుపెట్టె గారూ, నేల మీద ప్రొజెక్షన్ సంగతేంటి? క్లయింటుకు అదే బాగా నచ్చింది, పిల్లలు నడుస్తుంటే తామరపూలు విచ్చుకోవాలట.

వెలుగుపెట్టె

కనీసం అయిదారు మీటర్ల ఎత్తు పైకప్పు ఉన్న హాలైతే పెట్టండి. తక్కువ ఎత్తు నుంచి వేస్తే ఎవరి నీడ వాళ్ల ముందే పడుతుంది, పూల బదులు నీడలే కనబడతాయి. తెల్ల నేల కోసం వినైల్ పరవాలి, దాన్ని రోజుకు రెండుసార్లు తుడవాలి. నా వోటు వద్దనే.

రాతిపుట

నేను శిల్పాల సంరక్షణ పని చేస్తాను, కొన్నాళ్లుగా బెంగళూరులోనే. ఇక్కడ సాంకేతికం బాగా చెప్పారు. అయితే ఏం చూపించాలన్నది ఇంకా ఎవరూ అడగలేదు.

అమరావతి కథే ఊళ్లు తిరిగిన రాళ్ల కథ. 1797 ప్రాంతంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త రాజధాని కట్టుకుంటుంటే స్తూపం దిబ్బ తవ్వారు, రాళ్లు ఇళ్లకూ మెట్లకూ పోయాయి. ఆ మాట విని ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూశారు. మళ్లీ 1816లో వచ్చి తన బృందంతో ఒక్కో రాయినీ బొమ్మ గీయించారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, వాటిలో పెద్ద భాగం 1859లో లండన్‌కు వెళ్లింది. స్తూపం ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో మనకు చెప్పేది అక్కడి పలకల మీద చెక్కిన స్తూపం బొమ్మలే. స్తూపం తన రూపాన్ని తన ఒంటి మీదే రాసిపెట్టుకుంది. ఇంతకన్నా మంచి ప్రవేశం మీకు ఎక్కడ దొరుకుతుంది?

బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక రెండువైపులా చెక్కి ఉంది. పాతవైపు, క్రీ.పూ. ఒకటో శతాబ్దిది: బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, మొక్కే మనుషులు. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి వెనక స్తూపాన్ని చెక్కారు. దీన్ని గోడకు ఆనించి ఫొటో పెడితే సగం పోయినట్టే. గది మధ్యలో నిలబెట్టి చుట్టూ తిరగనివ్వండి. ప్రదక్షిణకు కారణం దొరుకుతుంది, దానికి ప్రొజెక్టర్ అక్కర్లేదు.

రెండోది, చెన్నైలో ఉన్న నాలాగిరి పతకం. గుండ్రటి రాయిలో నాలాగిరి అనే మదపుటేనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకచోట జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది, పక్కనే బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది. మేడ మీద జనం కిటికీల్లోంచి తొంగి చూస్తుంటారు. ఒకే చట్రంలో ముందూ వెనకా జరిగిన కథ. దీన్ని యానిమేషన్ చేసి ఏనుగును పరిగెత్తించమని మీకు సలహాలు వస్తాయి. దయచేసి వద్దు. కదలకుండానే కదిలించిన శిల్పి పనిని మనం చెరిపేసినట్టవుతుంది. ఎఫ్ఆర్‌పీలో (ఫైబర్‌గ్లాస్ కలిపిన ప్లాస్టిక్‌లో) అచ్చు పోయించి, చేత్తో తడిమే ఎత్తులో పెట్టండి. అసలు సున్నపురాయి ఘనమీటరు రెండున్నర టన్నులకు పైనే ఉంటుంది, ఎఫ్ఆర్‌పీ నకలును ఇద్దరు ఎత్తేస్తారు. చూపు లేనివాళ్లకు మొత్తం ప్రదర్శనలో నిజంగా అందే వస్తువు అదే కావచ్చు.

అనుమతుల విషయం: బ్రిటిష్ మ్యూజియం తన వెబ్‌సైట్‌లోని ఫొటోలను వ్యాపారేతర వాడకానికే ఉచితంగా ఇస్తుంది. టికెట్టు పెడితే విడిగా లైసెన్సు తీసుకోవాలి. చెన్నైలో త్రీడీ స్కానుకు రాతపూర్వక అనుమతి ముందే అడగండి, దానికి సమయం పడుతుంది.

వెలుగుపెట్టె

రాతిపుట గారూ, పతకం మాట ఒప్పుకుంటాను. కానీ అన్నిచోట్లా కదలిక వద్దంటే నేను ఒప్పుకోను. పల్లె నుంచి వచ్చిన పిల్లాడికి అండం, అంటే స్తూపం గుమ్మటం, ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది? స్తూపం అడుగున దాదాపు 50 మీటర్ల వ్యాసం. దాన్ని కట్టలేం, ఫ్లెక్స్ మీద ప్రింటు వేస్తే తెలియదు. ఒక వంపు తెర మీద నిలువెత్తు ప్రాకారం, దాని వెనక పైకి లేచే అండం, పొద్దు పొడిచినప్పటి నుంచి చీకటి పడేదాకా మారే వెలుగు. దానికి మాత్రం ప్రొజెక్టరే సాధనం.

రాతిపుట

ఆ ఒక్క తెరకు నేను పూర్తిగా మీ పక్షమే. ఎండ కోణం మారితే లోతు తక్కువ చెక్కడం ఎలా తేలుతుందో చూపించగలిగితే ఇంకా మంచిది, అది శిల్పికి తెలిసిన విషయం.

అసలు రాళ్లు తిరగవని ఎవరూ అనుకోకండి. 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం పెట్టిన తొలి బౌద్ధకళ ప్రదర్శనకు మన తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు కూడా వెళ్లాయి, ఆ ప్రదర్శన తర్వాత సియోల్‌కూ వెళ్లింది. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు, వాతావరణం అదుపులో ఉండే గదులు ఉన్నవాళ్లకు అది సాధ్యం. మీరు గనక ఎవరి దగ్గరైనా చిన్న అసలు వస్తువు అరువు తెచ్చుకుంటే, పెట్టె హాలుకు చేరాక 24 గంటలు తెరవకండి, లోపలి గాలి గది గాలికి అలవాటు పడాలి. మూసేముందూ తెరిచాకా వస్తువు ఏ స్థితిలో ఉందో ఫొటోలతో కండిషన్ రిపోర్టు రాయాలి. గుడ్డ, కాగితం అయితే 50 లక్స్ దాటకూడదు.

లారీ_లెక్క

కాగితాలు మర్చిపోకండి. అమ్మకం కాకపోయినా రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద రవాణాకు తీసుకునే ఆన్‌లైన్ పత్రం) ఉండాలి. ఇన్వాయిస్ బదులు డెలివరీ చలాన్ రాసుకోవాలి, "ప్రదర్శన నిమిత్తం, తిరిగి తెచ్చేది" అని అందులో ఉండాలి. బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. బెంగళూరు-విజయవాడ దూరానికి లారీ దారిలో ఆగితే గడువు చూసుకుంటూ ఉండాలి.

బెంగళూరులో పెద్ద లారీలకు పగటి గంటల్లో నగరంలోకి రానివ్వని వేళలుంటాయి, కాబట్టి దింపుడు రాత్రే. హాలువాళ్లతో ముందే మాట్లాడి గేటు తాళం మనిషి నంబరు తీసుకోండి. పెట్టెలను ముందు అవసరమయ్యేవి చివర ఎక్కేలా లోడ్ చేయించండి: ట్రస్, నల్లగుడ్డ, వైర్లు లారీ తలుపు దగ్గర, శిల్పాలు లోపల.

బడిగంట

మారతహళ్లి దగ్గర బడిలో టీచర్‌ని. సగం పిల్లలు తెలుగు ఇళ్లవాళ్లే. విశ్వేశ్వరయ్య మ్యూజియం సైన్సు బస్సు చూసినవాళ్లకు తెలుస్తుంది, పిల్లలు ముందు బటన్ దగ్గరికి పరిగెడతారు. కలకత్తా బిర్లా మ్యూజియం 1965లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇంకా నడుస్తోందంటే, వస్తువు పిల్లల చేతికి అందుతుంది కనకే అనుకుంటాను. 2019లో మన విశ్వేశ్వరయ్య మ్యూజియంకు విజ్ఞాన్ సమాగమ్ అనే తిరిగే సైన్సు ప్రదర్శన వచ్చింది, ముంబై తర్వాత ఇక్కడే, జూలై చివరి నుంచి రెండు నెలలు. సెర్న్, లైగో లాంటి పెద్ద పెద్ద పరిశోధన ప్రాజెక్టులు. మా పిల్లలు గుర్తుపెట్టుకున్నవి మాత్రం పక్కన నిలబడి విడమర్చి చెప్పే మనిషి ఉన్నచోట చూసినవే. మీ బడ్జెట్‌లో ఆ మనిషి జీతం రాశారా? ప్రతి ఊళ్లో స్థానిక కాలేజీ పిల్లలను తీసుకుని రెండు రోజులు శిక్షణ ఇస్తే చాలా మారుతుంది.

లెక్క ఒకటి. మీ వంపు తెర కథ ఆరు నిమిషాలు, ఒక్కసారి 30 మంది అనుకుంటే గంటకు 300 మంది. బస్సులో వచ్చేది 50 మంది. మిగతా 20 మంది ఎక్కడ నిలబడతారు? ఆ వేచి ఉండే చోటే తడిమే పతకం పెట్టండి. మధ్యాహ్నం అనంతపురం ఎండలోంచి నేరుగా చీకట్లోకి వస్తే కాసేపు ఏమీ కనబడదు, చిన్నపిల్లలు భయపడతారు. మధ్యలో మసక వెలుతురు వరండా ఒకటి కావాలి. చక్రాల కుర్చీ తిరగడానికి మలుపు దగ్గర మీటరున్నర వదలండి.

బెంగళూరులో కన్నడ ముందు, పెద్దగా ఉండాలి. వాణిజ్య బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని 2024లో చట్టమే వచ్చింది, మీ బయటి బోర్డుకూ అది చూసుకోండి. లోపల తెలుగు పాఠాన్ని అనువాదంలా రాయించకండి, ఆ కథను చెప్పగలిగిన మనిషితో మొదటినుంచీ తెలుగులోనే రాయించండి. గుడ్డ గోడలు కాబట్టి ఊరు మారితే భాష గుడ్డ మార్చేయొచ్చు.

కావేరిగట్టు

రెండు రోజులుగా ఇదంతా ప్రింటు తీసి గోడకు అంటించుకుని చదువుతున్నాం. క్లయింటుతో మాట్లాడాను. నేల ప్రొజెక్షన్ తీసేశాం. ఒకే వంపు తెర, దానికే మూడు ప్రొజెక్టర్లు, అన్నీ ట్రస్ మీద. మధ్యలో రెండువైపుల పలక, బయట వరండాలో నాలాగిరి. మిగిలిన డబ్బులో ఒక భాగం ప్రతి ఊళ్లో విడమర్చి చెప్పే ఎక్స్‌ప్లెయినర్లకు. మొదలు నవంబరులో. పతకం ఎత్తు ఎంత పెట్టాలన్నదే తేలడం లేదు. పెద్దవాళ్లకని మధ్యగీత 150 సెంటీమీటర్లు అనుకున్నాం, అయిదో తరగతి పిల్లలకు అది అందదు.

పీణ్యా_షెడ్డు

పతకాన్ని నిలువుగా పెట్టకండి. 80 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీద 30 డిగ్రీల వాలులో పెట్టి చూద్దాం, కింద కుర్చీ చక్రాలు దూరేలా కాళ్లు లోపలికి. తీర్మానం కాగితం మీద చేయొద్దు. షెడ్డులో నేల మీద మాస్కింగ్ టేపుతో మొత్తం ప్లాన్ నిజం కొలతల్లో వేస్తాను, బల్లకు పాత ప్లై వాడతాను. బడిగంట గారూ, ఒక సెక్షన్ పిల్లలను తీసుకురాగలరా?

బడిగంట

తెస్తానండీ. శనివారం వద్దు, శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక. అయిదో తరగతి, నలభై మంది, అందులో ఒకమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. ఆ రోజు షెడ్డులో వెల్డింగ్ ఆపేయాలి, మంచినీళ్లు చూడాలి. కావేరిగట్టు గారూ, ఏనుగు కథ ముందే చెప్పకండి, రాయి తడిమి వాళ్లేం చెబుతారో రాసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి.