అప్‌డేట్: వివాదంలో ఉన్న సభ్యుడి గురించి సంఘం బహిరంగంగా చెప్పాలా?

మా చర్చి సంఘ పెద్దల్లో ఒకరిపై ఆరోపణలు వచ్చాయని, ఆయన స్థితిని ఆదివారం ఆరాధనలో ప్రకటించాలా అని ఇంతకుముందు అడిగాను. చాలామంది బైబిల్లోని మత్తయి 18:15–17 చూపారు: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో కలిసి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపాలి. కానీ అది ఇద్దరి మధ్య తప్పు గురించి. పెద్దల విషయం మొదటి తిమోతి 5:19–20లో వేరుగా ఉంది. సాక్షులు లేనిదే ఆరోపణ స్వీకరించకూడదు. పాపంలో కొనసాగితే అందరి ఎదుట గద్దించాలి.

ఇదే పాస్టరు గారికి చెప్పాను. ప్రకటించే ముందు ఆయన బాధిత కుటుంబం అనుమతి తీసుకున్నారు. నాకు అన్నిటికంటే ఊరటనిచ్చింది అదే. నిన్న రెండే మాటలు ప్రకటించారు: విచారణ జరుగుతోంది, అది ముగిసేవరకు ఆ పెద్ద బాధ్యతల్లో ఉండరు. వివరాలు చెప్పలేదు. ఫలితం కూడా ఇలాగే ప్రకటించాలని లిఖితపూర్వకంగా కోరాను.