క్రియేట్‌విండోఎక్స్ సున్నా ఇస్తోంది, ఎర్రర్ కోడ్ కూడా సున్నాయే! (ఆటోహాట్‌కీ 2.0, 64 బిట్)

తెనాలి_టోకెన్:

అందరికీ నమస్కారం. మా బావగారి డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తపరీక్షకి వచ్చినవాళ్లకి టోకెన్ నంబర్ చూపించే టీవీ ఒకటుంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ వీబీ6 కాలం నాటిది. రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు, సోర్స్ కోడ్ లేదు. బిల్లు కొట్టగానే అది ఫలానా క్లాస్ పేరున్న (క్లాస్ అంటే విండో రకం) విండోని ఫైండ్‌విండోతో వెతికి, డబ్ల్యూఎం_కాపీడేటా మెసేజ్‌లో టోకెన్ నంబర్ పంపుతుంది. క్లాస్ పేరు పాత ఇన్‌స్టాలర్‌తో వచ్చిన రీడ్‌మీలో దొరికింది. ఆ మెసేజ్ అందుకోవాల్సిన బోర్డు ప్రోగ్రామ్ మాత్రం పాత హార్డ్‌డిస్క్‌తోపాటే పోయింది. దాని బదులు ఆటోహాట్‌కీ అనే స్క్రిప్టు భాషలో నేనొకటి రాస్తున్నా.

క్లాస్ పేరు నేను చెప్పిందే ఉండాలి కాబట్టి డీఎల్ఎల్‌కాల్‌తో విండోస్ సొంత ఫంక్షన్లని పిలిచి నేరుగా విండో తయారు చేస్తున్నా: రిజిస్టర్‌క్లాస్‌ఎక్స్‌తో క్లాస్ నమోదు, క్రియేట్‌విండోఎక్స్‌తో విండో. మొదట రిజిస్టర్‌క్లాస్‌ఎక్స్ దగ్గరే 87 (పారామీటర్ తప్పు) అనే ఎర్రర్ వచ్చింది. నేను చూసి రాసిన ఉదాహరణ 32 బిట్‌ది, అందులో స్ట్రక్చర్ సైజు 48. దాన్ని 80 చేసి, ఆఫ్‌సెట్లన్నీ మార్చాక క్లాస్ రిజిస్టర్ అయింది, ఆటమ్ నంబర్ వస్తోంది. ఇప్పుడు క్రియేట్‌విండోఎక్స్ సున్నా ఇస్తోంది. ఏ_లాస్ట్‌ఎర్రర్ చూస్తే అదీ సున్నా! 1407 అని వచ్చినా క్లాస్ దొరకలేదని అర్థమయ్యేది. తప్పు జరిగిందంటుంది, ఏం తప్పో చెప్పదు.

విండో ప్రొసీజర్‌గా, అంటే విండోకి వచ్చే మెసేజ్‌లని అందుకోవడానికి, పెట్టిన ఫంక్షన్ చిన్నదే. మెసేజ్ 74 (డబ్ల్యూఎం_కాపీడేటా నంబర్) అయితే టోకెన్ చదివి 1 రిటర్న్ చేస్తుంది, అంతే. ఇదే ఫంక్షన్ ఇదివరకు వేరే స్క్రిప్టులో ఆన్‌మెసేజ్‌కి (మెసేజ్‌లు పట్టుకునే ఆటోహాట్‌కీ సదుపాయం) తగిలించి వాడాను, శుభ్రంగా పనిచేసింది. పన్నెండు పారామీటర్లూ ఒకటికి రెండుసార్లు సరిచూశాను.

షార్ట్‌కట్_సుబ్బు:

అన్నా, ఇంత కష్టం ఎందుకు? మామూలు గుయ్ (ఆటోహాట్‌కీ తనే తయారుచేసే విండో) పెట్టుకుని ఆన్‌మెసేజ్‌లో 74 పట్టుకుంటే నాలుగు లైన్ల పని కదా.

తెనాలి_టోకెన్:

పెట్టి చూశాను సుబ్బూ. గుయ్ విండోల క్లాస్ పేరు ఎప్పుడూ ఆటోహాట్‌కీగుయ్ అనే ఉంటుంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ వెతికే పేరు అది కాదు, టైటిల్ ఏం పెట్టినా లాభం లేదు.

పాతకిటికీ:

సుబ్బు చెప్పింది మామూలుగా అయితే సరైన సలహాయే. నూటికి తొంభై మంది అవసరం లేకపోయినా క్రియేట్‌విండోఎక్స్ జోలికి వెళ్తారు. మీకు మాత్రం నిజంగానే అవసరం ఉంది. 2.0లో గుయ్ క్లాస్ పేరు మార్చే వీలు స్క్రిప్టులో లేదు.

మీ పారామీటర్లు నేను చూడలేదు, చూడక్కర్లేదు కూడా. క్రియేట్‌విండోఎక్స్ సున్నా ఇచ్చి, ఎర్రర్ కూడా సున్నా అయితే ముందు అనుమానించాల్సింది విండో ప్రొసీజర్‌నే. విండోస్ వద్దనలేదు, మీ ఫంక్షనే వద్దంది. తన తప్పు కాదు కాబట్టి విండోస్ ఎర్రర్ కోడ్ ఏమీ పెట్టలేదు.

క్రియేట్‌విండోఎక్స్ తిరిగి వచ్చేలోపే మీ ప్రొసీజర్‌కి కొన్ని మెసేజ్‌లు వచ్చేస్తాయి. ఫంక్షన్ మొదటి లైన్‌లో మెసేజ్ నంబర్‌ని అవుట్‌పుట్‌డీబగ్‌కి పంపి, సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డీబగ్‌వ్యూలో చూడండి. ఎంఎస్‌జీబాక్స్ మాత్రం అక్కడ పెట్టొద్దు, విండో పుట్టే సమయంలో ఇంకో విండో తెరిస్తే చిక్కు మీద చిక్కు. మీకు 36, 129, 130 కనబడి ఆగిపోతుందని నా అంచనా. 129 అంటే డబ్ల్యూఎం_ఎన్‌సీక్రియేట్. దానికి సున్నా కాని జవాబు ఇస్తేనే విండో పని ముందుకు సాగుతుంది. సున్నా ఇస్తే అక్కడికక్కడే రద్దు చేసి, 130 అంటే డబ్ల్యూఎం_ఎన్‌సీడిస్ట్రాయ్ పంపి, మీ చేతిలో సున్నా పెడుతుంది. డబ్ల్యూఎం_క్రియేట్, అంటే 1, దాకా కథ రానే రాదు.

మరి ఆన్‌మెసేజ్‌లో అదే ఫంక్షన్ ఎందుకు నడిచింది? అక్కడ ఏమీ రిటర్న్ చేయకపోతే "నాకు సంబంధం లేదు, మామూలుగా జరగాల్సింది జరగనీ" అని ఆటోహాట్‌కీ అర్థం చేసుకుంటుంది. ఇక్కడ విండో ప్రొసీజర్ కోసం మీ ఫంక్షన్‌కి కాల్‌బ్యాక్‌క్రియేట్‌తో తయారైన చిరునామాని విండోస్ నేరుగా పిలుస్తుంది. అప్పుడు ఏమీ రిటర్న్ చేయకపోతే వెళ్లేది సున్నా. ఒకే ఫంక్షన్, ఒకే మౌనం. ఒకచోట దానర్థం కానివ్వమని, రెండోచోట వద్దని.

కాబట్టి మీకు పట్టని ప్రతి మెసేజ్‌నీ డెఫ్‌విండోప్రాక్‌కి (మామూలు పనులు చూసుకునే విండోస్ ఫంక్షన్) అప్పగించి, అది ఇచ్చిన జవాబునే మీరు రిటర్న్ చేయాలి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. మీ ఉదాహరణ 32 బిట్‌ది అన్నారు, అందులో దాని నాలుగు పారామీటర్లకీ యూఇంట్ (32 బిట్ల అంకె) అని ఉండే అవకాశం ఎక్కువ. 64 బిట్‌లో మొదటిది పీటీఆర్ (చిరునామా పట్టేంత సైజు), రెండోది యూఇంట్, మూడూ నాలుగూ పీటీఆర్, చివర రిటర్న్ రకం కూడా పీటీఆర్ అని రాయాలి. రాయకపోతే డీఎల్ఎల్‌కాల్ దాన్ని 32 బిట్ల ఇంట్ అనుకుంటుంది. 129 వచ్చినప్పుడు నాలుగో పారామీటర్ ఎల్‌పారమ్‌లో ఉండేది క్రియేట్‌స్ట్రక్ట్ (విండో వివరాల స్ట్రక్చర్) చిరునామా. దాన్ని యూఇంట్‌గా పంపితే పైసగం తెగిపోతుంది. సగం చిరునామా పట్టుకుని డెఫ్‌విండోప్రాక్ ఏ ఇంటి తలుపు కొడుతుందో దేవుడికే ఎరుక.

విండో హ్యాండిల్‌ని యూఇంట్‌గా పంపినా నడిచిపోతుందని కొందరు వాదిస్తారు. నిజమే, 64 బిట్ విండోస్‌లోనూ వాటిలో 32 బిట్లే పనికొచ్చేవి, 32 బిట్ ప్రోగ్రాములతో పొత్తు కుదరడానికి అలా ఉంచారు. ఆ అలవాటే కొంప ముంచుతుంది. హ్యాండిల్ దగ్గర నడిచింది కదా అని చిరునామా దగ్గరా అదే రాస్తారు. గెట్‌మాడ్యూల్‌హ్యాండిల్ ఇచ్చేది కూడా పేరుకే హ్యాండిల్, నిజానికి అది మెమరీలో చిరునామా. దానికీ రిటర్న్ రకం పీటీఆర్ అనే ఉండాలి.

ఇంకో మాట. స్ట్రక్చర్ కోసం బఫర్ తీసుకునేటప్పుడు రెండో పారామీటర్‌గా 0 ఇచ్చారా? ఇవ్వకపోతే లోపల పాత చెత్త ఉంటుంది, ఐకాన్ హ్యాండిల్ చోట ఏదో అంకె కూర్చుంటుంది. ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు నడవదు.

తెనాలి_టోకెన్:

36, 129, 130 అచ్చంగా అలాగే కనబడ్డాయండీ! డెఫ్‌విండోప్రాక్ లైన్ మీరు చెప్పిన రకాలతో పెట్టాను, హ్యాండిల్ వచ్చింది. బఫర్‌కి 0 ముందే ఇచ్చాను. కానీ విండో ఇలా మెరిసి అలా మాయమవుతోంది. ఎర్రర్ ఏమీ లేదు.

షార్ట్‌కట్_సుబ్బు:

ఇది నాకు తెలుసు! స్క్రిప్టు పైన పర్సిస్టెంట్ అని పిలువు అన్నా. గుయ్ గానీ హాట్‌కీ గానీ టైమర్ గానీ లేకపోతే చివరి లైన్ అయ్యాక స్క్రిప్టు వెళ్లిపోతుంది, దాని విండో కూడా దానితోపాటే. నువ్వు సొంతంగా చేసిన విండో దాని లెక్కలోకి రాదు.

పాతకిటికీ:

సుబ్బు కరెక్ట్. విండో నిలబడ్డాక దాని మీదికి మౌస్ తెస్తే కర్సర్ తిరుగుతున్న గుండ్రంలా ఉండిపోవచ్చు, లోపల బ్యాక్‌గ్రౌండ్ గీయకుండా వదిలేయవచ్చు. స్ట్రక్చర్‌లో కర్సర్ ఆఫ్‌సెట్ 40లో లోడ్‌కర్సర్‌తో 32512 తెచ్చి పెట్టండి, బ్రష్ ఆఫ్‌సెట్ 48లో 6 పెట్టండి. మామూలు బాణం, మామూలు విండో రంగు వస్తాయి.

తెనాలి_టోకెన్:

నిలబడింది, రంగూ వచ్చింది. బిల్లు కొట్టగానే 74 కూడా వస్తోంది. కానీ టోకెన్ నంబర్ బదులు చైనా అక్షరాల్లాంటివి పడుతున్నాయి. ఎల్‌పారమ్‌లో ఆఫ్‌సెట్ 8 దగ్గర పొడవు, 16 దగ్గర చిరునామా తీసుకుంటున్నా. పంపేది 32 బిట్ ప్రోగ్రామ్ కదా, ఆ ఆఫ్‌సెట్లు 4, 8 ఉండాలా?

పాతకిటికీ:

వద్దు, 8, 16 సరైనవే. డబ్ల్యూఎం_కాపీడేటాని విండోస్ మధ్యలో ఉండి అందుకునేవాడి ప్రాసెస్‌కి తగ్గట్టు మార్చి ఇస్తుంది. అక్షరాల సంగతి వేరు. వీబీ6 ప్రోగ్రామ్ ఒక్కో అక్షరానికి ఒక్కో బైట్ చొప్పున పంపుతున్నట్టుంది. చిరునామా నుంచి అక్షరాలు చదివే స్ట్ర్‌గెట్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే రెండేసి బైట్లు కలిపి ఒక అక్షరం అనుకుంటుంది, అందుకే ఆ చైనా అక్షరాలు. మూడో పారామీటర్‌గా సీపీ0 (కంప్యూటర్ మామూలు ఆన్సీ ఎన్‌కోడింగ్) ఇవ్వండి, పొడవు మీరు తీసుకున్నదే ఇవ్వండి. టీవీ కంప్యూటర్‌లో స్క్రిప్టుని అడ్మినిస్ట్రేటర్‌గా నడపకండి. బిల్లింగ్ మామూలు యూజర్‌గా ఉండి మీ స్క్రిప్టు అడ్మిన్‌గా ఉంటే ఆ మెసేజ్‌ని విండోస్ దాటనివ్వదు, అప్పుడు మళ్లీ ఎర్రర్ కనబడట్లేదని ఇక్కడికే వస్తారు.

తెనాలి_టోకెన్:

సీపీ0తో నంబర్ పడిందండీ. అడ్మిన్‌గా నడపట్లేదు. బావగారు ఇప్పుడు నంబర్ మారినప్పుడు గంట కూడా మోగాలంటున్నారు, దానికి సౌండ్‌ప్లే చాలనుకుంటా.